టర్బో లేని కారులో టర్బో ఇంజన్ ఎక్కించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి దగ్గర, సొంత షెడ్డులో ఇంజన్ మార్చుకోవాలనుకునేవారు అడిగిన సందేహాలే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నందున వాటిని ఒకచోట కూర్చాను. టర్బో అంటే ఎగ్జాస్ట్ వాయువుల బలంతో తిరుగుతూ సిలిండర్లలోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం. ఇక్కడ చెప్పినదంతా పెట్రోల్ ఇంజన్లకు సంబంధించినది. ప్రశ్నలు పని జరిగే క్రమంలో ఉన్నాయి. అయినా ఏ జవాబుకు ఆ జవాబు విడిగానే అర్థమవుతుంది కాబట్టి మీకు అవసరమైన చోటినుంచి చదువుకోవచ్చు.

## నిర్ణయానికి ముందు

ఉన్న ఇంజన్‌కే టర్బో తగిలిస్తే సరిపోతుంది కదా, ఇంజన్ మొత్తం మార్చడం ఎందుకు?

తగిలించవచ్చు, చాలామంది తగిలించారు కూడా. అయితే టర్బో లేని ఇంజన్‌ను రూపొందించేవారు వాతావరణ పీడనంతో సిలిండర్‌లోకి వచ్చే గాలిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. ఆ కాస్త గాలి నుంచే వీలైనంత శక్తి రాబట్టడానికి కంప్రెషన్ నిష్పత్తిని (సిలిండర్‌లోని మిశ్రమాన్ని పిస్టన్ ఎన్ని రెట్లు నొక్కుతుందో చెప్పే అంకెను) ఎక్కువగా పెడతారు. టయోటా 2జేజడ్ ఇంజన్‌నే తీసుకుంటే, టర్బో లేని జీఈ రకంలో ఈ నిష్పత్తి 10:1, టర్బో ఉన్న జీటీఈ రకంలో 8.5:1. ఎక్కువ నిష్పత్తి ఉన్న సిలిండర్‌లోకి గాలిని ఒత్తిడితో నెడితే, ప్లగ్గు దగ్గర మొదలైన మంట చేరేలోపే దూరంగా ఉన్న మిశ్రమం తనంతట తానే పేలుతుంది. దీనినే నాకింగ్ అంటారు. పిస్టన్ రింగుల మధ్య గట్లు విరగడానికి, పిస్టన్ తలకు చిల్లు పడడానికి తరచుగా ఇదే కారణం. కంపెనీ తయారుచేసిన టర్బో ఇంజన్‌లో సాధారణంగా బలమైన పిస్టన్లు, వాటి అడుగుభాగం మీద ఆయిల్ చిమ్మి చల్లార్చే జెట్లు, ఎక్కువ వేడికి తట్టుకునే ఎగ్జాస్ట్ వాల్వులు ఉంటాయి. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే నేటి టర్బో ఇంజన్లలో 10:1 నిష్పత్తి కూడా కనిపిస్తుంది కాబట్టి ఆ ఒక్క అంకె చూసి తీర్పు చెప్పలేము. ఇంజన్‌లోని ప్రతి భాగాన్నీ టర్బో ఒత్తిడిని దృష్టిలో పెట్టుకొని చేశారా లేదా అన్నదే చూడాలి.

నా కారుకు ఏ టర్బో ఇంజన్ ఎంచుకోవాలి?

మీ కారు బాడీతోనే, ఏ దేశంలోనైనా సరే, కంపెనీవారు టర్బో మోడల్ అమ్మి ఉంటే అందులోని ఇంజన్‌నే ఎంచుకోండి. నిస్సాన్ ఎస్13 బాడీ ఇందుకు మంచి ఉదాహరణ. ఉత్తర అమెరికాలో అది టర్బో లేని 2.4 లీటర్ల కేఏ24 ఇంజన్‌తో 240ఎస్ఎక్స్ పేరుతో అమ్ముడుపోయింది. జపాన్‌లో సిల్వియా పేరుతో 1991 నుంచి 2 లీటర్ల ఎస్ఆర్20డీఈటీ టర్బో ఇంజన్‌తో వచ్చింది. బాడీ ఒకటే కావడం వల్ల ఈ ఇంజన్ మార్పిడి ఎంతోమందికి ఇంటి దగ్గరే సాధ్యమైంది. అయితే ఒకే కుటుంబం అన్నంత మాత్రాన అన్నీ అమరుతాయని అనుకోకూడదు. సుబారు ఇంప్రెజాలో టర్బో లేని మోడల్‌కూ టర్బో మోడల్‌కూ ఇంజన్ కింద అడ్డంగా ఉండే దూలం, అంటే క్రాస్‌మెంబర్, ఆకారంలో తేడా ఉంది. దాన్ని కూడా మార్చకపోతే టర్బో వైపు వెళ్ళే ఎగ్జాస్ట్ గొట్టానికి అడ్డు తగులుతుంది. వేరే కంపెనీ ఇంజన్ ఎక్కించాలన్న కోరికను, వెల్డింగూ వైరింగూ రెండూ చేతనైనవారికి వదిలిపెట్టడం మంచిది.

ఇంజన్ ఒక్కటే కొంటే చాలా, లేక కారు మొత్తం కొనాలా?

వీలున్నంతవరకు, గుద్దుకొని పక్కన పడేసిన టర్బో కారును మొత్తంగా కొనండి. ఇంజన్ ఒక్కటే కొన్నవారు ఆ తర్వాత ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్), వైరింగ్ హార్నెస్ (తీగల కట్ట), ఎయిర్‌ఫ్లో సెన్సార్, ఇంటర్‌కూలర్ (టర్బో నొక్కిన గాలిని చల్లార్చే పరికరం), దాని గొట్టాలు, ఫ్యూయల్ పంపు, యాక్సిలరేటర్ పెడల్, తాళంచెవి, చివరికి పేరు కూడా తెలియని చిన్న చిన్న క్లిప్పుల కోసం నెలల తరబడి తిరుగుతారు. కారు మొత్తం ఎదురుగా ఉంటే, ఏ గొట్టం ఎక్కడికి పోతుందో అనుమానం వచ్చినప్పుడల్లా వెళ్ళి చూసుకోవచ్చు. విప్పే ముందు దాన్ని స్టార్ట్ చేసి నడిపి చూడగలిగితే ఇంకా మేలు. పని ముగిశాక మిగిలిన భాగాలను అమ్మితే పెట్టుబడిలో కొంత తిరిగి వస్తుంది.

మొత్తం ఖర్చు, సమయం ఎంత అనుకోవాలి?

ఇంజన్ ధర మొత్తం ఖర్చులో సగం కూడా కాకపోవచ్చునని ముందే మనసులో పెట్టుకోండి. క్లచ్చు, గ్యాస్కెట్లు, రబ్బరు గొట్టాలు, ఆయిల్, కూలెంట్, ఇంటర్‌కూలర్ పైపులు, బ్రేకులు, ట్యూనింగ్ కలిసి మిగతా భాగాన్ని తినేస్తాయి. సమయం విషయానికి వస్తే, పాత ఇంజన్ దించి కొత్తది ఎక్కించడం రెండు మూడు రోజుల పని. వైరింగ్, గొట్టాలు, చిన్న చిన్న అమరికలు పూర్తయ్యేసరికి సెలవు రోజుల్లో మాత్రమే పని చేసుకునేవారికి కొన్ని నెలలు పడుతుంది. ఆ కారు మీదే రోజూ పనికి వెళ్ళాల్సినవారు ఇందులో చేయి పెట్టకపోవడమే మేలు.

ఇది చట్టప్రకారం చెల్లుతుందా?

ఇది ఒక్కో దేశంలో ఒక్కో రకంగా ఉంటుంది. చాలాచోట్ల ఇంజన్ నంబరు రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదై ఉంటుంది కాబట్టి, ఇంజన్ మారిస్తే రవాణా శాఖకు తెలియజేసి ఆమోదం పొందాలి. కొన్నిచోట్ల పొగ పరీక్షకు కొత్త ఇంజన్ ప్రమాణాలనే పాటించాలి. ఇంజన్ కొనకముందే రవాణా కార్యాలయంలోనూ బీమా సంస్థలోనూ రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. బీమా సంస్థకు చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం జరిగిన రోజున పరిహారం నిరాకరించడానికి కారణమవుతుంది.

## ఇంజన్ కొనేటప్పుడు

పాత టర్బో ఇంజన్ మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి?

కంప్రెషన్ పరీక్ష చేయకుండా డబ్బు ఇవ్వకండి. ప్లగ్గులన్నీ తీసి, పెట్రోల్, ఇగ్నిషన్ రెండూ ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, స్టార్టర్‌తో తిప్పుతూ ఒక్కొక్క సిలిండర్ ఒత్తిడిని గేజ్‌తో కొలవాలి. నేల మీద ఉన్న ఇంజన్‌కైనా గేర్‌బాక్సూ స్టార్టరూ తగిలి ఉంటే బ్యాటరీ కలిపి ఈ పరీక్ష చేయవచ్చు. సిలిండర్ల మధ్య తేడా పది శాతానికి మించకపోతే నమ్మవచ్చు. అన్నీ కాస్త తక్కువగా ఉండడం కంటే ఒక్కటి బాగా తగ్గి ఉండడమే ఎక్కువ ప్రమాద సూచన. తగ్గిన సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్ళీ కొలిచినప్పుడు ఒత్తిడి పెరిగితే లోపం రింగుల్లో ఉందని, పెరగకపోతే వాల్వుల్లోనో హెడ్ గ్యాస్కెట్‌లోనో ఉందని అర్థం. ఆయిల్ మూత తీసి చూసినప్పుడు పాలమీగడ లాంటి పదార్థం కనిపిస్తే ఆయిల్‌లో నీళ్ళు కలిశాయేమోనని అనుమానించాలి.

టర్బో పాడైందో లేదో చేత్తో పట్టుకొని చెప్పవచ్చా?

చాలావరకు చెప్పవచ్చు. గాలి లోపలికి వెళ్ళే గొట్టం తీసి, షాఫ్ట్ కొనను వేళ్ళతో పట్టుకొని కదపండి. మామూలు బేరింగ్ ఉన్న టర్బోలో షాఫ్టు పక్కలకు కొద్దిగా కదలడం సహజమే, ఎందుకంటే నడిచేటప్పుడు ఆ సందును ఆయిల్ పొర నింపుతుంది. ముందుకూ వెనక్కూ మాత్రం తెలిసేంత కదలిక ఉండకూడదు. రెక్కల అంచులు గోడకు రాసుకున్న గుర్తులు ఉన్నా, ఏదో గట్టి వస్తువు తగిలి చివర్లు వంగి ఉన్నా ఆ టర్బోను విప్పి బాగుచేయించక తప్పదు. గాలి గొట్టం లోపల పలుచటి ఆయిల్ తడి కనిపించినంత మాత్రాన భయపడనవసరం లేదు. అది క్రాంక్‌కేస్ (పిస్టన్ల కింద క్రాంక్ తిరిగే గది) నుంచి వచ్చే ఆవిరి వల్ల కూడా ఏర్పడుతుంది.

ఎక్కించే ముందే ఏమేమి మార్చాలి?

ఇంజన్ బయట ఉన్నప్పుడు పది నిమిషాల్లో అయ్యే పని, లోపలికి వెళ్ళాక ఒక రోజు పడుతుంది. టైమింగ్ బెల్టు, దాని టెన్షనర్, వాటర్ పంపు, థర్మోస్టాట్, క్రాంక్ వెనక ఉండే ఆయిల్ సీలు, వాల్వ్ కవర్ గ్యాస్కెట్, ప్లగ్గులు, టర్బోకు వెళ్ళే అన్ని రబ్బరు గొట్టాలు, క్లచ్చు సెట్టు మార్చేయండి. పాతది బాగానే ఉందనిపించినా మార్చండి.

## దించడం, ఎక్కించడం

ఒక్కడినే చేయగలనా? ఏ సామాను కావాలి?

విప్పే పని ఒక్కరే చేయవచ్చు. ఇంజన్‌ను గాలిలోకి లేపే సమయంలో మాత్రం రెండో మనిషి తప్పనిసరిగా ఉండాలి. నాలుగు సిలిండర్ల ఇంజన్, గేర్‌బాక్స్ కలిపితే సుమారు 150 నుంచి 200 కిలోల బరువు ఉండవచ్చు. అంత బరువు ఊగడం మొదలైతే ఒక్కరు ఆపలేరు. ఇంజన్ క్రేన్ లేదా గట్టి దూలానికి వేలాడదీసిన చైన్ బ్లాక్, ఇంజన్‌ను ఏటవాలుగా వంచడానికి లెవెలర్, నాలుగు స్టాండులు, టార్క్ రెంచి, మంటలార్పే సిలిండర్ ముఖ్యమైనవి. జాకీ మీద మాత్రమే నిలబడి ఉన్న కారు కిందికి ఎప్పుడూ దూరకండి. పని మొదలుపెట్టే ముందు పెట్రోల్ లైన్‌లో ఒత్తిడి తగ్గించి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. ఏసీ గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా, దాన్ని పట్టి నింపే యంత్రం ఉన్నవారి చేత ముందే తీయించండి. విప్పిన ప్రతి కనెక్టరుకూ బోల్టుకూ చీటీ అతికించి ఫొటో తీసుకోండి. వారం తర్వాత అదే గుర్తుంటుందిలే అన్న నమ్మకం నన్ను ప్రతిసారీ మోసం చేసింది.

పాత గేర్‌బాక్స్ ఉంచుకోవచ్చా?

బోల్టుల అమరిక కలిస్తే ఉంచుకోవచ్చు, కానీ ఎంతకాలం నిలుస్తుందన్నది వేరే విషయం. గేర్లను విరిచేది గుర్రపుశక్తి కంటే టార్క్. టర్బో ఇంజన్ తక్కువ వేగంలోనే ఎక్కువ టార్క్ ఇస్తుంది కాబట్టి చిన్న గేర్‌బాక్స్‌లో రెండో, మూడో గేరు పళ్ళు అరిగిపోవడమో ఊడిపోవడమో తరచుగా చూస్తాము. టర్బో కారు గేర్‌బాక్స్‌నే తెచ్చుకుంటే క్లచ్చు, ఫ్లైవీలు, ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్ళ లెక్క అన్నీ కలిసి వస్తాయి. అప్పుడు డ్రైవ్ షాఫ్టుల పొడవు, చక్రం వైపు పళ్ళ సంఖ్య సరిచూసుకోవాలి. ఆటోమేటిక్ కారైతే దాని కంట్రోల్ యూనిట్ ఇంజన్ ఈసీయూతో నిరంతరం మాట్లాడుతూ ఉంటుంది కాబట్టి రెండింటినీ ఒకే కారు నుంచి తీసుకోవాలి.

మౌంటింగులు అమరకపోతే వెల్డింగ్ చేయవచ్చా?

ఇంజన్‌ను సరైన స్థానంలో నిలబెట్టి, బానెట్ మూసి, స్టీరింగ్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, డ్రైవ్ షాఫ్ట్ కోణం చూసుకున్న తర్వాతే మౌంటింగ్‌కు చుక్క వెల్డింగ్ పెట్టండి. పూర్తి వెల్డింగ్‌ను అనుభవం ఉన్న వెల్డర్ చేత బల్ల మీద చేయించాలి. వెల్డింగ్ జరిగే సమయంలో కారులోని ఈసీయూలన్నింటి కనెక్టర్లు విప్పి ఉండాలి.

## ఆయిల్, గాలి, పెట్రోల్

టర్బోకు ఆయిల్ వెళ్ళే గొట్టం, తిరిగి వచ్చే గొట్టం విషయంలో ఏమి జాగ్రత్త తీసుకోవాలి?

టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో దాన్ని నిలబెట్టేది ఒత్తిడితో వచ్చే ఆయిల్ పొర. ఆయిల్ లోపలికి వెళ్ళే గొట్టం సన్నగా ఉన్నా ఫరవాలేదు. బాల్ బేరింగ్ టర్బోలకైతే ప్రవాహం మరీ ఎక్కువ కాకుండా సన్నని రంధ్రమున్న రెస్ట్రిక్టర్ కూడా పెడతారు. తిరిగి వచ్చే దారి మాత్రం పూర్తిగా భిన్నమైనది. టర్బో నుంచి బయటికి వచ్చే ఆయిల్‌కు ఒత్తిడి ఉండదు, అది కేవలం తన బరువుతోనే కిందికి జారాలి. కాబట్టి ఆ గొట్టం లోపలి వ్యాసం 12 మి.మీ. కంటే తగ్గకూడదు, ఎక్కడా పైకి లేవకూడదు, మడత పడకూడదు, ఆయిల్ పాన్‌లో నూనె మట్టానికి పైనే కలవాలి.

నా మొదటి ప్రయత్నంలో ఆ గొట్టం మధ్యలో కొద్దిగా వేలాడి మళ్ళీ పైకి లేచింది. స్టార్ట్ చేసిన పావుగంటకు నీలిపొగ షెడ్డంతా కమ్మింది. టర్బో పోయిందనుకొని మొత్తం విప్పితే సీళ్ళు చెక్కుచెదరలేదు. గొట్టాన్ని ఒక జానెడు కత్తిరించి నిటారుగా బిగించాక పొగ ఆగిపోయింది.

టర్బోకు నీళ్ళ గొట్టాలు కలపకుండా వదిలేయవచ్చా?

నీళ్ళతో చల్లబడేలా చేసిన టర్బోకు తప్పక కలపాలి. పరుగు ముగిసి ఇంజన్ ఆపిన తర్వాత టర్బైన్ వైపు వేడంతా బేరింగుల్లోకి పాకుతుంది. అప్పుడు వేడెక్కిన నీరు పైకి, చల్లని నీరు కిందికి తనంతట తానే కదులుతూ ఆ వేడిని తీసుకుపోతుంది. ఆ ఏర్పాటు లేకపోతే బేరింగుల్లో నిలిచిన ఆయిల్ మాడి బొగ్గులా పేరుకుంటుంది.

ఇంటర్‌కూలర్ తప్పనిసరా?

కంపెనీ ఇంజన్‌తో పాటు ఇచ్చి ఉంటే తప్పనిసరే. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. 30 డిగ్రీల గాలిని ఒక బార్ బూస్ట్‌కు, అంటే వాతావరణ పీడనానికి పైన దాదాపు మరో అంత ఒత్తిడికి, నొక్కేసరికి 70 శాతం సామర్థ్యమున్న కంప్రెసర్ నుంచి అది సుమారు 125 డిగ్రీల వేడితో బయటికి వస్తుంది. అంత వేడి గాలి నాకింగ్‌ను పిలిచి తెస్తుంది. ఇంటర్‌కూలర్‌ను రేడియేటర్ ముందు పెడితే రేడియేటర్‌కు గాలి తగ్గుతుందని గుర్తుంచుకొని, టర్బో మోడల్ రేడియేటర్‌నే వాడండి.

పాత ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్లు సరిపోతాయా?

లెక్క వేసి చూద్దాం. టర్బో ఇంజన్‌కు ఒక్కో గుర్రపుశక్తికి గంటకు సుమారు 270 గ్రాముల పెట్రోల్ కావాలనుకుంటే, 200 గుర్రపుశక్తికి 54 కిలోలు, అంటే దాదాపు 73 లీటర్లు అవుతుంది. నాలుగు ఇంజెక్టర్లకు పంచితే ఒక్కోదానికి నిమిషానికి సుమారు 300 మి.లీ. ఇంజెక్టర్‌ను 80 శాతానికి మించి తెరిచి ఉంచకూడదు కాబట్టి 380 మి.లీ. ఇంజెక్టర్ అవసరం. టర్బో ఇంజన్‌తో వచ్చిన ఇంజెక్టర్లు ఇందుకు తగ్గట్టే ఉంటాయి. చిక్కు వచ్చేది ట్యాంకులో మిగిలిపోయిన పాత పంపుతోనే. రెగ్యులేటర్ సాధారణంగా 3 బార్ల ఒత్తిడికి బూస్ట్‌ను కలుపుతుంది. బూస్ట్ ఒక బార్ ఉంటే పంపు 4 బార్ల ఎదుట నెట్టాలి. ఒత్తిడి పెరిగేకొద్దీ పంపు ఇచ్చే పెట్రోల్ తగ్గుతుంది. మెల్లగా నడిపినప్పుడు బాగానే ఉండి, గట్టిగా తొక్కినప్పుడు పెట్రోల్ చాలక పిస్టన్లు కాలిపోయేది ఈ కారణంగానే. పంపును మార్చండి.

బ్రేక్ బూస్టర్ గొట్టం మామూలుగానే కలపవచ్చా?

బ్రేక్ పెడల్‌కు సాయపడే బూస్టర్, ఇంజన్ మేనిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాలు) పీల్పుతో పనిచేస్తుంది కాబట్టి వన్‌వే వాల్వు లేకుండా కలపకూడదు. టర్బో లేని ఇంజన్ మేనిఫోల్డ్‌లో ఒత్తిడి వాతావరణ పీడనాన్ని ఎప్పుడూ దాటదు. టర్బో ఇంజన్‌లో బూస్ట్ వచ్చినప్పుడు అదే గొట్టం గుండా ఒత్తిడి గాలి వెనక్కి నెట్టుకొస్తుంది. టర్బో కారు వాల్వునే వాడి, నోటితో ఊది అది ఒకే వైపు గాలిని వదులుతోందో లేదో చూడండి. క్రాంక్‌కేస్ ఆవిరి గొట్టానికి, పెట్రోల్ ట్యాంకు ఆవిరి గొట్టానికి కూడా ఇదే నియమం వర్తిస్తుంది. క్రాంక్‌కేస్‌లోకి బూస్ట్ వెళితే ఆయిల్ సీళ్ళు బయటికి తన్నుకొస్తాయి.

## వైరింగ్, ఈసీయూ

పాత ఈసీయూతోనే టర్బో ఇంజన్ నడుస్తుందా?

స్టార్టవుతుంది, కొన్నిసార్లు చక్కగా ఐడిల్ కూడా అవుతుంది, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండానే నిలకడగా నడుస్తుంది. అందుకే చాలామంది మోసపోతారు. టర్బో లేని కారులోని ప్రెషర్ సెన్సార్ వాతావరణ పీడనం వరకే కొలిచేలా తయారై ఉంటుంది. అంతకు మించిన బూస్ట్ వచ్చినా ఈసీయూకు ఆ సంగతి తెలియదు కాబట్టి పెట్రోల్ పెంచదు, ఇగ్నిషన్ టైమింగ్‌ను వెనక్కి జరపదు. పూర్తిగా మండడానికి ఒక భాగం పెట్రోల్‌కు 14.7 భాగాల గాలి సరిపోతుంది, కానీ బూస్ట్‌లో ఇంజన్ క్షేమంగా ఉండాలంటే అది 11.5, 12 మధ్యకు దిగాలి. ఈసీయూను టర్బో కారు నుంచే తెచ్చుకోండి, లేదా ప్రోగ్రామ్ చేయదగిన ఈసీయూ పెట్టి ట్యూనర్ దగ్గరికి తీసుకెళ్ళండి. పాత ఈసీయూకు సిగ్నల్‌ను మార్చి పంపే చిన్న పెట్టెలను నేను సిఫారసు చేయను.

రెండు వైరింగులను ఎలా కలపాలి?

ఇంజన్ వైపు హార్నెస్‌ను టర్బో కారు నుంచి యథాతథంగా తీసుకొని, అది కారు లోపలి వైరింగ్‌తో కలిసే చోట మాత్రమే మార్పులు చేయండి. రెండు కార్ల వైరింగ్ పటాలను పక్కపక్కన పెట్టుకొని, ఒక్కొక్క పిన్ను పేరు రాసుకుంటూ పట్టిక తయారుచేసుకోవాలి. తీగ రంగు కలిసినంత మాత్రాన పని కూడా ఒకటేనని నమ్మవద్దు. ఈ పట్టిక రాయడానికి రెండు సాయంత్రాలు వెచ్చించినవారు తీగలను ఒక్కరోజులో కలిపేస్తారు. తీగలను మెలిపెట్టి టేపు చుట్టకుండా, క్రింప్ చేసి హీట్ ష్రింక్ వేయండి. ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీలను మరిచిపోతే కారణం తెలియని సెన్సార్ లోపాలు వరుసగా కనిపిస్తాయి.

ఇమ్మొబిలైజర్ (సరైన తాళంచెవి లేకపోతే ఇంజన్‌ను స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) వల్ల స్టార్ట్ కాకపోతే?

ఈసీయూ, ఇమ్మొబిలైజర్ పెట్టె, తాళంచెవిలోని చిప్పు మూడూ ఒకే కారువైతే ఈ సమస్య రాదు. లేకపోతే ఆ మూడింటినీ జత కలిపే పరికరం ఉన్నవారి దగ్గరికి వెళ్ళాలి.

## మొదటి స్టార్టు, ఆ తర్వాత

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఏ క్రమం పాటించాలి?

పెట్రోల్, ఇగ్నిషన్ ఆపి, ప్లగ్గులు తీసేసి, ఆయిల్ ఒత్తిడి కనిపించేవరకు స్టార్టర్‌తో కొద్దికొద్దిగా తిప్పండి. టర్బో దగ్గర ఆయిల్ గొట్టం వదులు చేసి చూసినప్పుడు నూనె వస్తేనే ముందుకు వెళ్ళండి. తర్వాత కూలెంట్‌లోని గాలి తీసి, పెట్రోల్ పంపు ఆన్ చేసి, కారుతోందేమో ప్రతి అతుకు దగ్గరా చూడండి. స్టార్టయ్యాక ఐడిల్‌లోనే వేడెక్కనివ్వండి, రేస్ చేయవద్దు. పాత గ్రీజు, ఆయిల్ మరకలు కాలి కాసేపు పొగ రావడం సహజమే. అయినా మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉంచుకోండి. 500 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్చండి.

బూస్ట్ ఎంత పెట్టుకోవచ్చు?

కంపెనీ పెట్టినంతే, కనీసం మొదటి కొన్ని నెలలు. మిశ్రమాన్ని కొలిచే వైడ్‌బ్యాండ్ గేజ్, నాకింగ్‌ను గమనించే ఏర్పాటు లేకుండా ఒక్క గీత కూడా పెంచవద్దు. ఇంటి పనిలో ట్యూనింగ్ ఒక్కటే ఇంట్లో చేయకూడనిదని నా అభిప్రాయం. డైనో (కారు శక్తిని కొలిచే యంత్రం) ఉన్న ట్యూనర్‌కు ఇచ్చే డబ్బు ఒక సెట్ పిస్టన్ల కంటే తక్కువే.

తొక్కినప్పుడు బుస్సుమని శబ్దం వస్తోంది, శక్తి లేదు. ఎందుకు?

దాదాపు ప్రతిసారీ ఏదో ఒక గాలి గొట్టం క్లిప్పు వదులై ఉంటుంది. గాలి లోపలికి వెళ్ళే మూతిని మూసి, అర బార్ నుంచి ఒక బార్ వరకు గాలి నింపి, సబ్బునీళ్ళతో ప్రతి అతుకునూ పరీక్షించండి. ఎయిర్‌ఫ్లో సెన్సార్ ఉన్న కారులో బ్లో ఆఫ్ వాల్వు (యాక్సిలరేటర్ వదిలినప్పుడు మిగిలిన ఒత్తిడి గాలిని వదిలే వాల్వు) గాలిని బయటికి వదిలేలా పెట్టినా ఇబ్బందే. ఈసీయూ ఒకసారి కొలిచి పెట్రోల్ కేటాయించిన గాలి బయటికి పోవడం వల్ల, గేరు మార్చిన ప్రతిసారీ మిశ్రమంలో పెట్రోల్ ఎక్కువై ఇంజన్ తడబడుతుంది.

బ్రేకులు కూడా మార్చాలా?

మార్చాలి. టర్బో మోడల్ డిస్కులు, క్యాలిపర్లు సాధారణంగా అదే బాడీకి నేరుగా అమరుతాయి; ఒక్కోసారి చక్రాల సైజు పెంచాల్సి వస్తుంది.

ఆపే ముందు ఇంజన్‌ను కాసేపు ఐడిల్‌లో ఉంచాలా?

ఊళ్ళో మెల్లగా తిరిగి వచ్చినప్పుడు అవసరం లేదు. కొండ ఎక్కినా, చాలాసేపు వేగంగా నడిపినా చివరి ఒకటి రెండు కిలోమీటర్లు బూస్ట్ రాకుండా నడపండి, లేదా ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపండి.